తువాలు కింద మాట

ఓబన్న నోట మొట్టమొదటి మాట వచ్చేసరికి వాడికి ఐదేళ్ళు దాటాయి. వాళ్ళ నాయన కదిరప్ప ఆ మాటను "ఎద్దు" అని విన్నాడు.

అందులో ఆయన తప్పు వెతకడం కష్టం. కదిరప్ప పశువుల దళారి. పెనుగొండ నుంచి రొద్దం పోయే దారిలో ఇల్లు, ఇంటి వెనక మెట్ట పొలం, తాతల నాటి సేద్యం అన్నీ ఉన్నాయి. కానీ సేద్యాన్ని తమ్ముడికి వదిలేసి, హిందూపురం సంతలో ఎద్దులు అమ్మించడం, కొనిపించడం తన పనిగా పెట్టుకున్నాడు. ముప్పై ఐదేళ్ళ మనిషి. అందులో సగానికి పైగా కొమ్ముల మధ్యే గడిచింది. అలాంటి మనిషి చెవి, ఏ మాట వచ్చినా ముందు పళ్ళు పట్టి చూసి, తోక ఎత్తి చూసి, ఆ తర్వాతే లోపలికి తోలుకుంటుంది.

కొడుకు నోరు విప్పడమే గొప్ప. విప్పిన నోట ఇంటి వృత్తే పలికేసరికి కదిరప్ప సంతోషం పట్టలేకపోయాడు. అమ్మకానికి తెచ్చి కట్టేసిన మైసూరు ఎద్దును పలుపు పట్టి వాకిట్లోకి నడిపించి, కొడుకు ముందు నిలబెట్టాడు. పిల్లవాడు చెవులు మూసుకుని మళ్ళీ అదే మాట అన్నాడు. కదిరప్ప ఎద్దును ఇంకా దగ్గరికి తెచ్చాడు. వాడు గోడకు అతుక్కుపోయి మళ్ళీ అన్నాడు, ఈసారి గట్టిగా. చూడ్డానికి వచ్చిన చుట్టుపక్కల వాళ్ళు, పిల్లవాడికి ఒంటెద్దు చాలడం లేదు, జోడెద్దు అడుగుతున్నాడని తీర్మానించారు. రెండోదాన్ని కూడా విప్పారు.

దంచుతున్న రోకలి పక్కన పెట్టి కదిరప్ప భార్య రత్నమ్మ బయటికి వచ్చింది. మొగుడి వంక, రెండెద్దుల వంక, గోడకు అంటుకున్న కొడుకు వంక వరసగా చూసింది.

"వాడు ఎద్దు అనలేదు. వద్దు అంటాండాడు" అంది.

ఎద్దులు వెనక్కి పోయాయి, జనం వెనక్కి పోయారు. మడకశిర వైపు, కన్నడం మాట్లాడే ఇంట్లో పుట్టి వద్దుకు "బేడ" అని ఉంటే పిల్లవాడికి ఈ అవస్థ తప్పేదని కదిరప్ప సంతలో చాలా రోజులు చెప్పుకుని నవ్వాడు. నవ్వాడు గాని, లోపల ఒకటి గుచ్చుకుని ఉండిపోయింది. కొడుకు ఐదేళ్ళకు ఒక్క మాట మాట్లాడితే, ఆ ఒక్కటీ తాను వినలేకపోయాడు.

ఆ తర్వాత ఆ ఒక్క మాట కూడా చాన్నాళ్ళు బయటికి రాలేదు.

పేరులోనే "ఓ" పెట్టుకుని, ఎవరు పిలిచినా "ఓ" అనని పిల్లవాడు ఓబన్న. ఎవరి మొహంలోకీ చూడడు. చింతగింజలు గడప నుంచి గాదె దాకా ఒకే వరసలో పేర్చుకుంటాడు. ఒక్క గింజ పక్కకు జరిగినా అన్నీ తీసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాడు. ఎత్తుకోబోతే కట్టెలా బిగుసుకుంటాడు. ఒక్కోనాడు పొద్దంతా గోడ వెంట అటునుంచి ఇటు, ఇటునుంచి అటు నడుస్తాడు. కదిరప్ప కొడుకు కదిలితే ఆగడు, ఆగితే కదలడు అని ఊళ్ళో అనుకునేవారు.

చెయ్యవలసినవన్నీ చేశారు. తాయెత్తు కట్టించారు, ఆ దారం మెడకు గీరుకుంటోందని వాడు తెంపేశాడు. వేపమండలతో దిష్టి తీశారు. హిందూపురంలో ఒక డాక్టరు చెవుల్లో లైటు వేసి చూసి, చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు. కదిరప్ప తల్లి పుట్టమ్మవ్వ మాత్రం ఇంత హడావిడి ఎందుకని అడిగేది. ఆమె మొగుడు పెళ్ళిపీటల మీద కూడా నోరు తెరవలేదట, ఎవరి మొహమూ చూడలేదట, బతికినన్నాళ్ళూ ఒకే గట్టు మీద ఒకే రాయిపైన కూర్చుని కూడు తిన్నాడట. ఆ రోజుల్లో దాన్ని జబ్బు అనలేదు, మీ తాత అన్నారు, అని చెప్పేది.

అసలు సంగతి కనిపెట్టింది రత్నమ్మ. తాను రోకలి ఎత్తకముందే కొడుకు చేతులు చెవుల మీదికి పోవడం ఆమె గమనించింది. మూడిళ్ళ అవతల ఎవరో దంచుతుంటే, ఆమెకు వినపడని ఆ చప్పుడుకు కూడా వాడు మూలకు పోయేవాడు.

"వీనికి చెవుడు కాదయ్యా. మనకు ఒకటి వినబడే తావున వీనికి పది వినబడతాండాయి. ఆ పదిట్లో మన పిలుపు యాడుందో వాడు ఎట్ల ఏరుకుంటాడు?" అని మొగుణ్ణి అడిగింది.

ఆ రోజు నుంచి దంచబోయే ముందు రోకలి తెచ్చి వాడికి చూపించేది. వాడు లేచి పెరట్లోకి పోయేవాడు. దంచడం అయ్యాక రోకలిని నేలమీద పడుకోబెట్టి చూపిస్తే తిరిగి వచ్చేవాడు. ఇంట్లో ఏడుపు సగానికి సగం తగ్గింది. ఏ పనైనా ముందు చూపించి, తర్వాత చెయ్యడం ఆ ఇంటి పద్ధతి అయిపోయింది.

బడికి పంపారు. నాలుగు నెలలు సాగింది. అయ్యవారు "నోరు మూసుకో" అంటే రెండు చేతులతో నోరు మూసుకుని గంట కొట్టేదాకా కూర్చున్నాడు. "చెవులు యాడ పెట్టినావురా" అంటే రెండూ పట్టుకుని చూపించాడు. "నా తల తింటాండావు" అంటే ఆయన తలకాయ వంక భయంభయంగా చూసి వెనక్కి జరిగాడు. పిల్లలు నవ్వారు. అయ్యవారు ఎగతాళి అనుకుని బెత్తం తీశారు. కదిరప్ప కొడుకును ఇంటికి తెచ్చుకున్నాడు.

దారిలో ఆయనకు తట్టింది. వీడికి మాటలు అర్థం కాకపోవడం కాదు, మరీ ఉన్నవి ఉన్నట్టు అర్థమవుతున్నాయి. వంకర ఎక్కడన్నా ఉంటే అది చెప్పేవాడి దగ్గరే ఉంది. తీరా చూస్తే, ఆ తాలూకాలో కదిరప్పంత వంకరగా మాట్లాడేవాడు ఇంకొకడు లేడు. కొమ్ము వంకరపోయిన ఎద్దును పట్టుకుని, ఇది వంకర కాదప్పా, వంకీ పెట్టుకున్న పెళ్ళికొడుకు అని అమ్మి వచ్చిన ఘనుడు. అలాంటి తండ్రికి ఇలాంటి కొడుకు. దేవుడు కూడా బేరగాడే, లేకపోతే ఇట్లా జోడీ కలపడు అని ఆయన నిట్టూర్చాడు.

ఓబన్న ఎనిమిదో ఏట, అంటే వెయ్యిన్ని తొమ్మిది వందల యాభై నాలుగులో, రత్నమ్మ తండ్రికి జబ్బు చేసి ఆమె పుట్టిల్లు గోరంట్లకు పోవలసి వచ్చింది. పుట్టమ్మవ్వ వయసు మీద పడి పిల్లవాడి వెంట పరుగెత్తలేదు. కదిరప్ప కొడుకును హిందూపురం సంతకు వెంట తీసుకుపోయాడు.

పశువుల సంతలో నోటితో జరిగేదంతా పొగడ్త, తిట్టు, ఒట్టు. అసలు బేరం తువాలు కింద జరుగుతుంది. ఇద్దరు దళారులు ఎదురెదురుగా నిలబడి, కుడి చేతులు కలిపి, పైన తువాలు కప్పుకుంటారు. ధర అంతా వేళ్ళతోనే. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని. చుట్టూ వందమంది ఉన్నా ఆ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. చెయ్యి లాక్కుంటే కుదరలేదని. అరచేతిలో అరచెయ్యి పెట్టి బిగిస్తే కుదిరిందని. ఒకసారి బిగిశాక ఎవరు చెప్పినా ఆ బేరం వెనక్కి తిరగదు.

ఆ రోజు సంతలో గోల మామూలుగానే ఉంది, అంటే ఓబన్నకు ప్రళయంగా ఉంది. కాసేపు ఏడ్చి, బండి కింద దూరి చెవులు మూసుకున్నాడు. కదిరప్ప మోచేతి మీదుగా తువాలు వేసుకుని, చెయ్యి చాపి, ఎదురుగా ఉన్న శంకరప్ప అనే దళారి కోసం కాచుకుని ఉన్నాడు. శంకరప్ప ఎద్దు పళ్ళ గురించి ఎవరితోనో గొడవ పడుతున్నాడు. ఇంతలో తువాలు కిందికి ఒక చెయ్యి వచ్చింది. ఎటో చూస్తున్న కదిరప్ప దాన్ని తడిమి, శంకరప్ప ఇంతగా చిక్కిపోయాడేమిటని తిరిగి చూశాడు.

బండి కింద నుంచి కొడుకు చెయ్యి చాచి ఉంది. మొహం మాత్రం చక్రం వైపు తిప్పుకుని ఉన్నాడు. తువాలు కింద ఆ చిన్న చెయ్యి తండ్రి రెండు వేళ్ళను గట్టిగా పట్టుకుంది.

అలవాటు చొప్పున కదిరప్ప వాడి ఒక్క వేలు పట్టుకున్నాడు. తగ్గించమని. పిల్లవాడు మళ్ళీ రెండు పట్టుకున్నాడు. కదిరప్ప మళ్ళీ ఒకటి. పిల్లవాడు రెండే. అవతలివాడు ఒక మాట మీద నిలబడ్డాడని వేళ్ళ బిగువులోనే తెలిసిపోయే అనుభవం కదిరప్పది. వీడు దేన్నో రెండు అడుగుతున్నాడు. ఏమి రెండు? ఒకటొకటే వెనక్కి వెతుక్కుంటూ పోతే, పొద్దున హోటల్లో వాడికి రెండు బోండాలు ఇప్పించిన సంగతి గుర్తుకు వచ్చింది.

శంకరప్ప చెయ్యి చాచేసరికి అక్కడ తువాలూ లేదు, కదిరప్పా లేడు. హోటల్లో ఓబన్న రెండు బోండాలు తిని, మొహం గోడ వైపు తిప్పుకుని, తండ్రి భుజం మీది తువాలు లాగి, దాని కింద తన అరచేతిని తండ్రి అరచేతిలో పెట్టి బిగించాడు. కుదిరింది అని.

కదిరప్ప కళ్ళు తుడుచుకున్నాడు. హోటలాయన పొగ అనుకున్నాడు. సంతకు పోయి ఎవరైనా ఎద్దులు తెచ్చుకుంటారు. ఆయన సంతలో ఒక సొంత భాష తెచ్చుకున్నాడు.

తర్వాత ఆ భాష పెరిగింది. రెండు వేళ్ళంటే కూడు అని మొదటి రోజే ఖాయమైంది కాబట్టి, ఒక వేలు నీళ్ళకు పోయింది. బొటనవేలు నొక్కితే చప్పుడు ఎక్కువైందని. పిడికిలి మూస్తే ఇల్లు. లాక్కుంటే వద్దు, బిగిస్తే సరే, ఈ రెండూ సంతలో ఉన్నవే. పైన గుడ్డ లేకపోతే మాత్రం వాడి చెయ్యి చెయ్యి కాదు, కట్టె. గుడ్డ కప్పుకుంటే ఎవరి కళ్ళలోకీ చూడనక్కరలేదు, ఎవరూ వాడి చేతిని చూడరు. అప్పుడు వేళ్ళు మాట్లాడతాయి. గోరంట్ల నుంచి తిరిగి వచ్చిన రత్నమ్మ రెండు రోజుల్లో అంతా నేర్చుకుంది. మూడో రోజు మొగుడి ఉచ్చారణ దిద్దింది: నీ పిడికిలి మరీ గట్టిగా ఉండాది, పిల్లోడు ఉలిక్కిపడతాండాడు అని.

దళారుల గుట్టు ఇంట్లో ఆడవాళ్ళకు, నోరు లేని పిల్లవాడికి చెప్పేశాడని శంకరప్ప సంతలో పెద్ద పంచాయితీ పెట్టాడు.

"నోరు లేనోనికి చెప్తే గుట్టు యాడికి పోతుందప్పా? అయినా మీ మాటలు వందల్లో ఉంటాయి. మావోనివి అన్నీ వేలల్లోనే" అన్నాడు కదిరప్ప, తన వేళ్ళు ఆడిస్తూ. పంచాయితీ నవ్వులో కలిసిపోయింది.

ఓబన్నకు పన్నెండేళ్ళు వచ్చేసరికి నోటి మాటలు కూడా కొన్ని వచ్చాయి: కూడు, రైలు, చాలు. ఎక్కువగా తనలో తాను అనుకునేవాడు. ఎదుటివాళ్ళ మాటల్ని మాత్రం తూకం రాయిలా తీసుకునేవాడు. ఇంటికి వచ్చి పోయేవాళ్ళందరూ లోకం తీరున "పోయొస్తా" అనే కదా అంటారు. ఓబన్న వాళ్ళు తిరిగి వచ్చేదాకా వాకిట్లో నిలబడేవాడు. తమలపాకులమ్మే మనిషి పోయొస్తా అని పోయి వారం దాకా రాలేదు; పిల్లవాడికి ఆ వారమంతా వాకిలే ఇల్లు. అప్పటి నుంచి కదిరప్ప సంతకు పోయేటప్పుడు "పోతాండా. మూడు పొద్దులకు వస్తా" అని చెప్పి, వాడి చేతిలో మూడు చింతగింజలు పెట్టేవాడు. రోజుకొకటి పక్కన పెడితే, ఆఖరి గింజ నాటికి ఆయన వాకిట్లో ఉండాలి. ఉండేవాడు. రైలు తప్పితే నడిచైనా వచ్చేవాడు. ఆ ఇంట్లో గడప దాటుతూ "పోతాండా" అంటారని ఊళ్ళో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోనీ అన్నాడు కదిరప్ప.

అట్లా ఓబన్నకు ఇరవై నిండాయి. పుట్టమ్మవ్వ అప్పటికి పోయింది. కదిరప్పకు యాభై. చలి రోజుల్లో కుడి చేతి వేళ్ళు కొంచెం కొంచెంగా పట్టేస్తున్నాయి.

"నా చెయ్యి ఆడినన్నాళ్ళే వానికి నోరు" అన్నాడు ఒకనాడు రత్నమ్మతో.

"నా చెయ్యీ ఉండాదిలే" అంది ఆమె.

ఇద్దరూ తమ చేతుల వంక చూసుకున్నారు. ఆ తర్వాత దాని గురించి మాట్లాడలేదు గాని, కదిరప్పకు మనసులో ఇంకో పని లేకుండా పోయింది. తమ్ముడి కొడుకులు మంచివాళ్ళే. కూడు పెడతారు. కాని వాళ్ళకు ఓబన్న అంటే పాపం. పాపం అనుకునేవాళ్ళు పెడతారు గాని, కావాలా అని అడగరు. తమ తర్వాత కొడుకుకు కూడు ఎట్లాగూ దొరుకుతుంది. వాణ్ణి ఒక మాట అడిగి, జవాబు వచ్చేదాకా కాచుకునే మూడో చెయ్యి ఎక్కడ దొరుకుతుంది? పొలం పని పొద్దుకొక రకంగా మారేది, అందుకని వాడికి పడలేదు. ఎద్దులంటే ఐదో ఏటి నుంచే పడదు.

ఆ ఏడు వేసవిలో తండ్రీ కొడుకులు హిందూపురం నుంచి పెనుగొండకు ప్యాసింజరు ఎక్కారు. ఎదుటి బల్ల మీద ధర్మవరం మగ్గాల మనిషి మార్కండేయులు కూర్చుని ఉన్నాడు. హిందూపురంలో పట్టు నూలు కొనుక్కుని, చుట్టలు చుట్టిన ఆ చిలపలను బిడ్డలా ఒళ్ళో పెట్టుకుని పోతున్నాడు. మనుషుల మొహం చూడని ఓబన్న ఆ చిలపలను మాత్రం కళ్ళార్పకుండా చూశాడు. మార్కండేయులు అది గమనించి, సంచిలో చిక్కుపడి పనికిరాకుండా ఉన్న పట్టు పోగుల ముద్ద తీసి వాడి ముందు పెట్టాడు. ఓబన్న దాన్ని విప్పడం మొదలుపెట్టాడు. తెంపలేదు, లాగలేదు, తొందరపడలేదు.

పెనుగొండ వచ్చింది. ముద్ద సగమే విడింది. కదిరప్ప తువాలు కప్పి పిడికిలి మూశాడు, ఇల్లు వచ్చిందని. ఓబన్న చెయ్యి లాక్కున్నాడు. మళ్ళీ మూశాడు. మళ్ళీ లాక్కున్నాడు. బండి కదిలింది. పెనుగొండలో దిగవలసిన ఇద్దరూ ధర్మవరంలో దిగారు. రత్నమ్మకు మరునాటి బండిలో కబురు వచ్చేదాకా సంగతి తెలియలేదు.

"ఇదేందన్నా, చేతులు కలిపి గుడ్డ కప్పుకుంటిరి? కొడుకుతో కూడా బేరమేనా?" అని మార్కండేయులు రైల్లోనే అడిగాడు. కదిరప్ప అంతా చెప్పాడు. విన్నాక ఆయన, పిల్లోణ్ణి ఒక నెల తమ ఇంట్లో రాట్నం దగ్గర కూర్చోబెట్టి చూద్దామన్నాడు. తన భార్య కమలాక్షికి నడుం నొప్పి, కండెలు చుట్టే మనిషి కావాలని కూడా దాచకుండా చెప్పాడు. ఉన్నదున్నట్టు చెప్పిన ఆ రెండో మాట కదిరప్పకు నచ్చింది.

అలా రత్నమ్మ కొడుకు రాట్నం ముందు చేరాడు. చిలపలోంచి పోగు తీసి కండెకు చుట్టడం పని. వేగం తక్కువ, ఆ వీధిలో ఆడవాళ్ళు ఆరు కండెలు చుట్టే వేళకు ఓబన్నవి నాలుగే. కాని నాలుగూ ఒకటే తీరు. వీధిలో అన్ని ఇళ్ళలోనూ మగ్గాలు ఆడుతుంటే, ఈ చప్పుడుకు కొడుకు ఏమైపోతాడోనని కదిరప్ప మొదటి రోజంతా గుమ్మంలో నిలబడ్డాడు. ఏమీ కాలేదు. రోకలి ఎప్పుడు పడుతుందో చెప్పలేం గాని, మగ్గం తర్వాతి దెబ్బ ఎప్పుడో ఓబన్నకు ముందే తెలుసు. వీధిలోకి డప్పులు వచ్చిన రోజు మాత్రం తువాలు కింద తండ్రి బొటనవేలు నొక్కాడు. కమలాక్షి వాణ్ణి వెనకింట్లోకి పంపి తలుపు వేసింది.

మార్కండేయులు కూడా మాటకారే. అదే తంటా. మొదటి వారంలో ఒక మేలైన చిలప అందిస్తూ, "జాగ్రత్తబ్బా, ఈ పోగు తెగితే నా ప్రాణం తెగినట్టే" అన్నాడు. మధ్యాహ్నానికి పోగు తెగింది. ఓబన్న రాట్నం ఆపేసి, లేచి వచ్చి, మగ్గం గుంటలో కూర్చున్న మార్కండేయులు ఛాతీ వంకే చూస్తూ నిలబడ్డాడు. ఎంత చెప్పినా పోడు. చివరికి ఆయన గుంటలోంచి లేచి, వాడి చెయ్యి తన గుండె మీద పెట్టించి, కొట్టుకుంటోందని చూపించాక గాని వాడు కూర్చోలేదు. ఆ సాయంత్రం మార్కండేయులు కదిరప్పను పక్కకు పిలిచి, తన మీద ఇంత నమ్మకం పెట్టుకున్నవాళ్ళు తన ఇంట్లో కూడా లేరని చెప్పాడు. "తెగితే ముడి వెయ్యి. మాకు తెగుతానే ఉంటాది" అని మరునాడు ఉన్నమాట చెప్పాడు. వేళ్ళ భాష కూడా అడిగి నేర్చుకున్నాడు.

నెల కాస్తా నెలన్నర అయింది. ఇక తేల్చుకోవలసిన రోజు రత్నమ్మ కూడా పెనుగొండ నుంచి వచ్చింది. పొద్దు బారెడెక్కాక మార్కండేయులు ఇంటి అరుగు మీద అందరూ కూర్చున్నారు. పిల్లోడు బాగానే ఉన్నాడు కదా, ఇంక అడిగేదేముంది, ఈడనే ఉండనీ, అని మార్కండేయులు అన్నాడు.

"అడగాలప్పా" అన్నాడు కదిరప్ప. "వాడు ఊరికే ఉండాడని మనం సరే అనుకుంటే, ఇరవై ఏండ్లు నేను నేర్చుకునింది ఏమిటికి? వాడు లాక్కుంటే తోలుకొని పోతా."

తువాలు పరిచాడు. ఓబన్న పక్కకు చూస్తూ చెయ్యి లోపల పెట్టాడు. కదిరప్ప పిడికిలి మూసి, ఆ పిడికిలితో అరుగు మీద తట్టాడు. ఈ ఇల్లు, అని.

ఓబన్న చెయ్యి లాక్కున్నాడు.

కదిరప్ప మొహం వాడిపోయింది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ లాక్కున్నాడు. మార్కండేయులు, నేను అడుగుతా ఉండన్నా అని తన చెయ్యి తువాలు కింద పెట్టాడు. ఓబన్న అప్పుడు కూడా తన చెయ్యి లాక్కున్నాడు.

ఈ లోపల వీధి ఊరుకోలేదు. ఎదురింటి ఈరక్క నీళ్ళ బిందె చంకన పెట్టుకుని అంతా చూస్తోంది. ఆమె మేనమామది బత్తలపల్లి, ఎద్దుల ఆసామి. తువాలు కింద చేతులంటే ఏమిటో ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఒకవైపు పశువుల దళారి. ఇంకొకవైపు పనిమనిషి కావలసిన మగ్గాలాయన. మధ్యలో నోరు లేని పిల్లవాడు. చెయ్యి పెట్టడం, లాక్కోవడం, మళ్ళీ పెట్టడం: ధర కుదరడం లేదు. పక్కన తల్లి కళ్ళొత్తుకుంటోంది. ఇంతకంటే సాక్ష్యం కోర్టులో కూడా అడగరు. బిందె దించేలోపు మూడు ఇళ్ళకు, నీళ్ళు పోసుకునేలోపు వీధి చివరికి కబురు పోయింది: దళారి కన్నకొడుకును అమ్ముతున్నాడు. ఒక్కొక్క మగ్గమే ఆగుతూ వచ్చింది.

అరుగు మీద మొదట తేరుకున్నది రత్నమ్మ.

"నువ్వు అడిగింది ఏమి? ఇది నీ ఇల్లేనా అని. కాదన్నాడు. వాని ఇల్లు పెనుగొండలో ఉండాది కదా. నిజం చెప్పినాడు" అంది.

కదిరప్ప నెత్తి తడుముకున్నాడు. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా వంకర ప్రశ్న తానే వేశాడు. ఈసారి ప్రశ్నను ముక్కలు చేశాడు. వాడి అరచేతిలో చూపుడువేలు రాట్నంలా తిప్పాడు: పని ఈడ చేస్తావా? ఓబన్న బిగించాడు. చెయ్యి బోర్లా పడుకోబెట్టాడు: నిద్ర ఈడ? కొంచెం ఆలోచించి, బిగించాడు. వేళ్ళు ఒకటొకటిగా ఏడుసార్లు నొక్కి, ఆఖరున పిడికిలి మూశాడు: ఏడు పొద్దులకొకసారి ఇంటికి పోదాం. ఓబన్న ఆ పిడికిలిని తన చేతిలోకి తీసుకుని, ఇదివరకెన్నడూ లేనంత గట్టిగా, చాలాసేపు బిగించి పట్టుకున్నాడు. ఆ తర్వాత, ఎవరూ అడగకుండానే, మార్కండేయులు చెయ్యి తువాలు కిందికి లాక్కుని దాన్ని కూడా ఒకసారి బిగించి, లేచి రాట్నం దగ్గరికి పోయాడు.

వీధిలో ఎవరో "కుదిరిపాయె" అన్నారు. అప్పుడు గాని కదిరప్ప తల ఎత్తి చూడలేదు. అరుగు కింద ముప్పై నలభై మంది. ముందు ఈరక్క, నడుం మీద చెయ్యి పెట్టుకుని.

"ఏమప్పా, ఎద్దులైపోయి కొడుకులకు వచ్చినావా? మార్కండేయులన్నా, నువ్వన్నా అడగొద్దా, మనిషిని కొంటారా ఎవరన్నా? నా కండ్లతో చూసినా. మూడు తూర్లు లాక్కొనె, ఆఖరికి బిగించె."

మామూలు రోజైతే ఈ మాటకు కదిరప్ప దగ్గర పది జవాబులు ఉండేవి, పదీ రెండర్థాలవి. ఆ రోజు ఒక్కటి కూడా బయటికి తియ్యలేదు. తువాలు విప్పి అందరికీ కనబడేట్టు దులిపి, అరుగు దిగి, ఈరక్క ముందు నిలబడ్డాడు.

"అక్కా, లాక్కునింది నేను కాదు, మార్కండేయులూ కాదు. మావోడు. ఈ గుడ్డ కింద ధర లేదు. వాడు మాట్లాడేది ఇట్లనే. ఇది నీ ఇల్లా అని అడిగితిమి, కాదని లాక్కునె. ఈడ పని చేస్తావా అంటే సరే అనె. ఈడ పండుకుంటావా అంటే సరే అనె. వారానికొకతూరి అమ్మను చూడ్డానికి పోదామా అంటే, అదో, ఆ బిగించింది నువ్వు చూసినావే, అది దానికి. బేరం మాది కాదక్కా. వానిది. మేము అడిగినాము, వాడు చెప్పినాడు."

వెనకున్నవాళ్ళు ఏమంటాండాడు, ఏమంటాండాడు అని తోసుకున్నారు. ఒక ముసలాయన, అయితే కూడు తిన్నావా అని అడగాలంటే ఎట్లా అని తెలుసుకోగోరాడు. రత్నమ్మ రెండు వేళ్ళు చూపించింది. చీర కొంగు కప్పినా పనికొస్తుందా అని ఇంకొకామె అడిగింది. ఏ గుడ్డయినా సరే, ముందు చెయ్యి చూపించి తర్వాత పెట్టండి, దడుచుకుంటాడు, అని రత్నమ్మ చెప్పింది.

అప్పటికే కబురు వీధి దాటి రైలుస్టేషను దాకా పోయి ఉంటుందని ఎవరో అన్నారు. మోసింది తానే కాబట్టి దించవలసింది కూడా తానేనని ఈరక్క ఒప్పుకుంది. ఖాళీ బిందె అక్కడే వదిలేసి, మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టి, ఆగిన ప్రతి మగ్గం దగ్గరా నిలబడి ఒకటే మాట చెప్పుకుంటూ పోయింది:

"అమ్మలేదంట. అడిగినాడంట."